టైరు నొక్కే ఆయన

చింతామణి లైబ్రరీ ఎదుట పంచర్ అంగడి ఆయన, అక్కడ నిలిపిన ప్రతి సైకిలు టైరునూ బొటనవేలితో నొక్కి చూసేవాడు. నేను బయటికొచ్చేసరికి తరచూ నా టైరులో గాలి ఉండేది కాదు. బీరువా నిండా ఉన్న డిటెక్టివ్ నవలలన్నీ చదివినవాణ్ణి, దొంగ ఆయనేనని తేల్చేసి, పంతంగా బస్టాండు దగ్గర అంగడి దాకా సైకిలు తోసుకుపోయేవాణ్ణి.

ఒకరోజు లైబ్రరీ కిటికీలోంచి కాపుకాసి, ఆయన నా టైరు దగ్గర వంగగానే పరుగున వెళ్లి పట్టుకున్నాను.

“ఏమప్పా, గాలి తీస్తాండావా?”

ఆయన అరచెయ్యి తెరిచాడు. అందులో తుమ్మముల్లు.

“ఇది తీస్తే గాలి పోతాది. తీయకుంటే ట్యూబే పోతాదప్పా. పంచర్ వేసిద్దామంటే నువ్వు నిలిస్తే కదా!”

ఇప్పుడు ఆ అంగడి లేదు. నిన్న లైబ్రరీ ముందు ఎవరిదో టైరు నొక్కి చూస్తున్నాను. కిటికీలోంచి ఒక గొంతు అరిచింది.

“ఏయ్, ఏం పని నీకు ఆడ?”