ఫ్యాన్ కింది బ్యాగు

సింగపూర్ తంజోంగ్ పగార్‌లో పట్టపగలు, భోజనాల వేళ, నూడుల్స్ గిన్నెలు పట్టుకున్న వందలాది మంది ఎదుట నేను దొంగగా పట్టుబడిన కథ ఇది. చదివి నవ్వుతారు. నవ్వండి. ఆ రోజు నవ్విన ముఖాలన్నీ నాకింకా గుర్తున్నాయి, వాటి పక్కన మీకూ కాస్త చోటుంది.

అసలు తప్పు నాది కాదు, మా ఆఫీసు ప్రసాదుది. వైటూకే పుణ్యమా అని కీబోర్డు ముట్టుకున్న ప్రతి ఆంధ్రుడూ విమానం ఎక్కుతున్న రోజులవి. నేనూ తణుకు నుంచి ఎగిరొచ్చి క్లెమెంటిలో ఒక గదిలో వాలాను. "ఇక్కడ స్థిరపడాలంటే ఏదో ఒక సమాజసేవ చెయ్యరా, దరఖాస్తులో అందంగా ఉంటుంది" అన్నాడు ప్రసాదు. వృద్ధాశ్రమంలో నాలుగు భజనలు పాడితే సరిపోతుందనుకుని పేరిచ్చాను. ఏ భాషలు వచ్చని అడిగితే నోరూరుకోక తెలుగు అన్నాను. అంతే, భజనలు పోయాయి. జైలుకి పంపకుండా 'బుద్ధిగా ఉంటావేమో చూస్తాం' అని కోర్టు ప్రొబేషన్ మీద వదిలిన కుర్రాళ్లకి తోడుండే పని నా నెత్తిన పడింది.

ప్రొబేషన్ ఆఫీసరు మేడమ్ టాన్. పొట్టిగా, చల్లగా, పళ్లెంలో పెట్టిన ఇడ్లీలా ఉండేది. నాకప్పగించిన వాడి పేరు దినేశ్. ఇరవయ్యేళ్లు. బెడోక్‌లో అమ్మమ్మ దగ్గర ఉంటాడు. వాళ్ల ముత్తాత ఎప్పుడో ఓడెక్కి వచ్చిన తెలుగువాడు. ముత్తాతతో వచ్చిన తెలుగులో సగం దారిలోనే తమిళం అయిపోయింది. వీడు ఒకడి మోటారుసైకిలు ఎత్తుకెళ్లాడు, అడ్డొచ్చిన ఇంకొకడి ముక్కు పగలగొట్టాడు.

"భయమా మీకు?" అని అడిగింది మేడమ్.

"నాకా?" అన్నాను. గొంతు నాదే, కానీ పక్కింటి నుంచి వచ్చినట్టు వినిపించింది.

మొదటిసారి వాడు గదిలోకి వస్తుంటే ద్వారబంధం పక్కకి జరిగిందనిపించింది. ముంజేతి మీద పచ్చబొట్టు, పెద్ద తేలు. వాడు టీ కప్పు ఎత్తినప్పుడల్లా కండతో పాటు ఆ తేలు కొండి కూడా పైకి లేచేది. నేను తలుపు పక్క కుర్చీలో కూర్చుని, తేలుకి ఎంత దూరం నుంచి చెప్పాలో అంత దూరం నుంచే నీతులు చెప్పేవాణ్ణి.

"ఏం అంకుల్, అంత దూరం కూర్చున్నావ్?"

"ఇక్కడ గాలి బాగుంది."

గమనించారా, అంకుల్! నాకప్పుడు ఇరవై తొమ్మిది. ఆ మాట నేనింకా మరిచిపోలేదు.

నెలలు గడిచాయి. వాడు వేళకి ఇంటికి చేరుతున్నాడు, పాత స్నేహితుల జోలికి పోవడం లేదు. ఓడల యార్డులో వెల్డింగ్ పని కూడా దొరికింది. తరువాతి వారం కోర్టు సరేనంటే చేరిపోవచ్చు. మేడమ్ నన్ను పిలిచి మెల్లగా చెప్పింది: "ఈ వారం జాగ్రత్త. కొత్తగా ఒక్క పోలీసు కేసు వచ్చిందా, ప్రొబేషన్ రద్దు. నేరుగా జైలే. వాళ్ల అమ్మమ్మ తట్టుకోలేదు." నేను గుండె మీద చెయ్యి వేసుకుని "పూచీ నాది" అన్నాను. చెయ్యి వేసింది గుండె దడ ఆపుకోవడానికని ఆవిడకి తెలియదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, కోర్టులో ఎలా మాట్లాడాలో నేర్పిద్దామని వాణ్ణి మా ఆఫీసు దగ్గర, తిండికొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌కి రమ్మన్నాను. నా భుజాన నల్ల బ్యాగు, అందులో ఆఫీసు లాప్‌టాప్. అది పోతే నన్ను అమ్మినా దాని ఖరీదు రాదని మా మేనేజరు నలుగురిలో అన్నాడు. ఆ మాటా మరిచిపోలేదు.

స్తంభం పక్క టేబులు దగ్గర వాణ్ణి కూర్చోబెట్టి, బ్యాగు ముందు పెట్టి, "కదలకు. చేతులు కడుక్కుని వస్తా" అని వెళ్లాను. మీరు అడుగుతారు, దొంగ చేతికి తాళాలిస్తారా అని. నమ్మకం చూపించాలని శిక్షణలో చెప్పారండీ! చూపించాను.

తిరిగొచ్చేసరికి స్తంభం పక్క ఒక చైనీస్ కుటుంబం చేప తలకాయ పులుసు తాగుతోంది. దినేశ్ లేడు. బ్యాగు లేదు.

లాప్‌టాప్, ఉద్యోగం, వీసా, తణుకులో నా పరువు వరసగా కళ్లముందు ఊరేగాయి. ఫోను తీసి మేడమ్‌కి చేశాను.

"పారిపోయాడు మేడమ్! బ్యాగుతో సహా!"

"సరిగ్గా చూశారా? చుట్టుపక్కల వెతికారా?"

"చూశాను! పక్కా!"

"నేను పోలీసులకి చెప్పాల్సి ఉంటుంది. చెప్పాక వెనక్కి తీసుకోలేం. ఇంకోసారి అడుగుతున్నా, నిజమేనా?"

"మా అమ్మ మీద ఒట్టు!"

ఫోను పెట్టి తల తిప్పానో లేదో, నాలుగు టేబుళ్ల అవతల, ఫ్యాన్ కింద, ఒంటరిగా నా నల్ల బ్యాగు! చుట్టూ పురుగు లేదు. పిరికి వెధవ, భయపడి పారేసి పోయాడనుకున్నాను. ఒక్క దూకు దూకి బ్యాగుని తప్పిపోయిన బిడ్డలా గుండెలకి హత్తుకున్నాను.

"ఓయ్! నా బ్యాగ్!"

వెనక ఒక టై కట్టిన పెద్దమనిషి, చేతిలో పొగలు కక్కే గిన్నె.

"ఇది నాది!" అన్నాను.

"నీదా? జిప్పు తియ్యి!"

తీశాను. లోపల గొడుగు, పిల్లాడి స్కూలు ఫోటో, తలనొప్పి మాత్రలు. నాకు పెళ్లే కాలేదు. తలనొప్పి మాత్రం అప్పుడే మొదలైంది.

"థీఫ్!" అని ఆయన కేక. గిన్నెలన్నీ గాలిలో ఆగిపోయాయి. కాఫీ కొట్టు ముసలాయన గరిటె పట్టుకుని వచ్చి నా దారికి అడ్డంగా నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే వచ్చారు ఇద్దరు పోలీసులు. ఎవరు పిలిపించారు? నేనే. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడం పాత సామెత, నా విషయంలో గుమ్మడికాయే చంకలో ఉంది.

"దొంగతనం జరిగిందని కబురు వచ్చింది" అన్నాడు పెద్ద పోలీసు. నా చేతిలో బ్యాగు వైపు చూశాడు. "దినేశ్ అంటే నువ్వేనా?"

నేను బ్యాగుని మెల్లగా టేబులు మీద పెట్టేశాను.

"నేను" అంది ఒక గొంతు.

ట్రేలో రెండు టీలు, రెండు దోసెలతో దినేశ్ నిలబడి ఉన్నాడు. పోలీసుల్ని చూశాడు, నన్ను చూశాడు. విషయం అర్థమైంది. ట్రేలో కప్పులు టకటకమని కొట్టుకుంటున్నాయి. తేలు వణుకుతోంది. ఇన్ని నెలలు నేను భయపడిన ఆ తేలు! వాడు పరిగెత్తవచ్చు, కాళ్లు పొడుగు. పరిగెత్తలేదు.

"ఐయో అంకుల్, నీ బ్యాగ్ అక్కడ లా!" గడ్డంతో పక్క టేబులు చూపించాడు. అదే ఫ్యాన్ కింద, అచ్చు అలాంటిదే ఇంకో నల్ల బ్యాగు. "ఆ ఆంటీకి చిన్న పిల్లలు, కూర్చోడానికి అడిగింది, ఇచ్చేశా. ఇక్కడ చోప్ చేసి నీకు మకాన్ తేవడానికి పోయా. నీకు ఉల్లిపాయ వద్దు కదా, వేరేగా వెయ్యమన్నా, అందుకే లేటు."

వాడి మాట చివరి 'లా' ఈ ఊరి తోక, మకాన్ అంటే తిండి. ఇక చోప్ అంటే తెలియనివారికి చెబుతున్నాను. ఈ ఊళ్లో టేబులు మీద టిష్యూ పొట్లమో, గొడుగో, ఏకంగా బ్యాగో పెట్టి తిండికి వెళ్లిపోతారు. ఎవరూ ముట్టరు. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టే జాతివాడివి, నీకు తెలియదా అంటారు. అయ్యా, మనం తువ్వాలు వేస్తాం, పెట్టె వెయ్యం! పెట్టెకి గొలుసు కట్టి, గొలుసు బెర్తుకి కట్టి, ఒక కన్ను తెరిచి నిద్రపోతాం. ఆ కన్నుతోనే నేను సింగపూర్‌ని చూశాను.

పెద్ద పోలీసు నా వైపు తిరిగాడు. "ఇతను మీ బ్యాగు తీసుకెళ్లాడా, లేదా? ఒక్క మాట చెప్పండి."

చెప్పొచ్చు కదా, 'అడక్కుండా టేబులు మార్చాడు, అందుకే ఇదంతా' అని. నా పరువు సగం దక్కేది. కప్పులు ఇంకా టకటకమంటున్నాయి.

"లేదు" అన్నాను. "ఇక్కడ వేరేవాళ్ల బ్యాగు తీసింది నేనొక్కణ్ణే."

నవ్వారండీ. చేప తలకాయ కుటుంబం మొత్తం నవ్వింది, చంటిపిల్లతో సహా. టై పెద్దమనిషి మాత్రం నవ్వలేదు. ఫిర్యాదు రాస్తానన్నాడు. దినేశ్ ట్రే దింపి ఆయనకి చేతులు జోడించాడు. "సర్, సారీ సర్. కొత్తగా వచ్చాడు. చోప్ తెలీదు. మంచోడు సర్, నేను చూసుకుంటా." నన్ను! వాడు! చూసుకుంటాడట!

టాక్సీలో ఆయాసపడుతూ మేడమ్ టాన్ వచ్చేసరికి పోలీసులు నా పేరు, చిరునామా రాసుకుంటున్నారు. ఆవిడ అంతా విని, నన్ను చూసి, వాణ్ణి చూసి, "మీ ఇద్దరిలో ఎవరు ఎవరికి తోడో నాకే తెలియడం లేదు" అంది. ఇడ్లీ అనుకున్నాను, లోపల ఇంత పచ్చిమిరపకాయ ఉందని అనుకోలేదు.

నేను కుర్చీలో కూలబడ్డాను. దినేశ్ నా పక్కనే కూర్చున్నాడు, టీ కప్పు ముందుకు జరిపాడు, తేలు ఉన్న చేత్తో వీపు తట్టాడు.

"భయపడకు అంకుల్. ఫస్ట్ టైమ్ కదా, వార్నింగ్ ఇచ్చి వదిలేస్తారు."

అన్నట్టే వార్నింగ్ ఇచ్చి వదిలేశారు. తరువాతి వారం కోర్టు వాడికి సరేనంది. వాడు యార్డులో చేరాడు. ఇప్పటికీ ఎక్కడ కలిసినా ముందు నా బ్యాగు వైపు చూసి, "నీదేనా అంకుల్? జిప్పు తీసి చూశావా?" అంటాడు. నేను నవ్వను.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఫ్యాన్ కింద ఉన్న ఏ బ్యాగునీ, అది అచ్చంగా నాదే అయినా సరే, దినేశ్ పక్కన లేకుండా ఇక ముట్టుకోను. ప్రసాదుని మాత్రం క్షమించను.