బ్లాక్‌చెయిన్‌కు అందని రాగంబలి

నా కాలేజీ ప్రాజెక్టులోని లోపాన్ని ఇవాళ మా అమ్మ బయటపెట్టింది. నాకు ధైర్యం ఉండగానే రాసేస్తున్నాను.

నాయనకు ఇవాళ తిరుపతిలో హెర్నియా ఆపరేషన్. మా ఊరు ఐరాల నుంచి అమ్మా నాయనా పొద్దున్నే వచ్చారు. మత్తు ఇచ్చే డాక్టరమ్మ, "రాత్రి నుంచి ఏమైనా తిన్నారా, తాగారా?" అని అడిగారు.

"ఏమీ లేదమ్మా" అన్నాడు నాయన.

ఆమె రాసుకుంటుంటే, నా ప్రాజెక్టు గురించి చెబుతూ, రోగి వివరాలు బ్లాక్‌చెయిన్‌లో ఎక్కిస్తే ఇక ఎవరూ చెరపలేరని, అన్ని ఆసుపత్రులూ వాటినే నమ్మవచ్చని నేను వివరించాను. ఆమె ఓపికగా విన్నారు.

అప్పుడు అమ్మ అందుకుంది. "ఏమీ లేదా? చెంబుడు రాగంబలి తాపి పిల్చుకొచ్చినా గదా! వట్టి కడుపుతో ఆపరేషన్‌కు ఎవురన్నా పంపిస్తారా?"

"ఊరుకో మే! చెప్తే ఈ పొద్దు చెయ్యరు" అన్నాడు నాయన.

మత్తులో ఉండగా ఆ అంబలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పట. డాక్టరమ్మ రాసింది కొట్టేసి, ఆపరేషన్ రేపటికి మార్చారు.

అబద్ధాన్ని ఎవరూ చెరపకుండా అన్ని ఆసుపత్రులకూ చేర్చే ఏర్పాటు నేను దాదాపు పూర్తి చేశాను. శుక్రవారం ప్రాజెక్టు ఇవ్వాలి. అందులో మా అమ్మను ఎక్కడ పెట్టాలో తెలిసినవారు గురువారం లోపు చెప్పండి.