దేముడమ్మ బొబ్బర గింజలు

ఎనభై ఎనిమిది ఆగస్టులో సైనిక పాలన మీద తిరగబడి రంగూన్ జనమంతా వీధుల్లోకొచ్చారు. బడులు మూతపడ్డాయి, బజారులో బియ్యం మాయమయ్యాయి. మా మింగళ తౌంగ్‌న్యున్ పేట రామకోవెల కొట్టులో మాత్రం ఉత్సవాల బియ్యం బస్తాలుండేవి. తాళంచెవి ధర్మకర్త రఘునాథ్ గారిది. ఆయన తండ్రిదీ, తాతదీ అదే పెత్తనం. ఎవరికెంతివ్వాలో షావుకారు ఇళ్ళవాళ్ళే తేల్చేవారు. రేవులో మూటలు మోసినవాళ్ళ పిల్లలు మెట్ల కిందే నిలబడేవారు.

ఆ మెట్ల దగ్గరే దేముడమ్మ ఇడ్లీలు అమ్మేది. తొలి వాయి రాముడికి చూపించి, పక్కింటి బర్మా ముసలమ్మ డా ఖిన్‌కి పెట్టేది.

బడి లేక సత్యప్రసాద్ మేస్టారు కోవెల అరుగు మీదే చరిత్ర చెప్పేవారు. ఓనాడు గ్రీసు దేశపు ఏథెన్స్ ఊసెత్తారు.

"అక్కడా మొదట పెద్ద వంశాలదే రాజ్యం. అప్పుల్లో పడ్డ రైతులు బానిసలయ్యారు. జనం ఎదురుతిరిగారు. పోనుపోను రేవునీ, పట్నాన్నీ, పల్లెనీ కలిపి కొత్త జట్లు కట్టారు. తరవాత కుండలోంచి నల్లవీ తెల్లవీ గింజలు తీయించి, తెల్ల గింజ వచ్చినవాడికి కొలువిచ్చారు."

"ఆడోలు కూడా తీసేవోరా, మేస్టారూ?" అని మెట్ల దగ్గర్నుంచి అడిగింది దేముడమ్మ.

"లేదమ్మా. ఆడవాళ్ళకీ బానిసలకీ చోటు లేదు."

"అయితే ఆలు సగం పనే సేసినారు. మిగతాది మనం సేద్దుం."

మర్నాడు దేముడమ్మ కోవెల బియ్యపు కొట్టు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. రేవు ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు.

రఘునాథ్ గారు మండిపడ్డారు. "ఈ గుడి మా తాత కట్టించాడే!"

"ఇటుకలు మోసింది మా తాత, బావూ. పంచీవోలని గింజలు తీసి ఎంచుదుం. మీ ఇంటోలూ తియ్యండి, ఎవులొద్దన్నారు?"

"నీకు రాకపోతే?"

"లైన్లో నిలబడతాను. నాకేటి సిగ్గు?"

ఎండ ఎక్కింది. రఘునాథ్ గారి కోడలు పద్మిని బిందెడు మజ్జిగ తెచ్చి, అందరికీ పోసి, తిరిగి ఇంటికెళ్ళకుండా వాళ్ళ పక్కనే కూర్చుంది. అది చూసి మామగారు తాళంచెవి మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయారు.

కుండలో నల్లవీ తెల్లవీ బొబ్బర గింజలు పోశారు. తెల్లవి పద్మినికీ, కూలి అప్పయ్యకీ వచ్చాయి; ఆ వారం బియ్యం పంచే పని వాళ్ళది. దేముడమ్మకి నల్లదే. గిన్నె పట్టుకుని వరసలో నిలబడింది. డా ఖిన్ వాటా కూడా అడిగి తెచ్చింది.

సెప్టెంబరులో సైన్యం దిగింది. ఐదుగురు ఒకచోట చేరకూడదన్నారు. గింజలు తీసే పని ఇక ఆపుదామన్నారు మేస్టారు.

"ఆపడమేటి?" అంది దేముడమ్మ. ఆ వారం నుంచి జనం నలుగురేసి వచ్చారు. దణ్ణం పెట్టుకుని, కుండలో చెయ్యి పెట్టి, గింజ పిడికిట్లో మూసుకుని, సిపాయిల ముందునుంచే నడిచి వెళ్ళారు.