జున్నుకు వేసిన సాంబ్రాణి

ఆ రోజుల్లో మా ఇళ్లలో ఎలుక అంటే ఒకటే అర్థం. బియ్యం డబ్బా వెనక గరగరలాడితే మా అత్తగారు కొబ్బరి ముక్క కాల్చి బోనులో గుచ్చేవారు. తెల్లారేసరికి ఎలుక అందులో పడేది. మా మామగారు దాన్ని గోనెసంచిలో పట్టుకెళ్లి ఊరి చివర వదిలి వచ్చేవారు (ఆయనకంటే ముందు అదే ఇంటికి చేరేదని మా అత్తగారి ఫిర్యాదు). విజయనగరం వైపు నుంచి సికింద్రాబాద్ వచ్చి ముప్పై అయిదేళ్లయింది, ఒక్క మారేడ్‌పల్లిలోనే మూడిళ్లు మారాం, ఆ బోను మాత్రం మాతోనే ఉంది. తుప్పు పట్టినా స్ప్రింగు గట్టిది, ఎందుకు పారేయాలి? అలాంటి నేను నాలుగేళ్ల కిందట, అంటే అరవై రెండేళ్ల పడుచు వయసులో, ఒక ఎలుకను గుండెలకు హత్తుకుని ఆటోలో కాప్రా దాకా కళ్లనీళ్లు పెట్టుకుంటూ వెళ్లానంటే మీరు నమ్మరు. నమ్మమని బలవంతం చెయ్యను. నేను చదివింది అయిదో తరగతి, అదీ సగమే. రాతలో తప్పులుంటే సర్దుకోండి. జరిగినదాంట్లో మాత్రం ఒక్క ముక్క కల్పన లేదు.

మా మనవరాలు అప్పుడు తొమ్మిదో తరగతి. స్నేహితురాలి ఇంట్లో ఎవరికీ అక్కర్లేకుండా పోయిందని ఒక తెల్లెలుకను చెప్పుల డబ్బాలో పెట్టుకుని వచ్చింది. "ఇంట్లో ఉన్నవాటికి బోను పెడుతుంటే, లేనిదాన్ని డబ్బాలో తెస్తావేటే?" అన్నాను. "ఇది వేరే ఎలుక నానమ్మా, చూడు, ఎంత క్యూట్‌గా ఉందో!" అంది. క్యూటో కాదో గానీ, జున్నుముక్కలా తెల్లగా ఉండటంతో దానికి జున్ను అని పేరు పడింది. వారం తిరక్కుండానే అసలు సంగతి బయటపడింది. జున్నుకు ఊపిరి సరిగ్గా ఆడదు! తుమ్ములు, రొప్పులు, ఛాతీలో గడియారంలాగా టిక్కు టిక్కు. చిన్న జంతువులను చూసే డాక్టరమ్మ కాప్రాలో ఉందంటే మా అబ్బాయి తీసుకెళ్లాడు. ఇది పూర్తిగా తగ్గే జబ్బు కాదు, ఉన్నన్నాళ్లూ కనిపెట్టుకుని ఉండాలి, మళ్లీ గట్టిగా ఎగశ్వాస వస్తే నిలబడటం కష్టం అందట ఆవిడ. ఆ రోజు నుంచి మా మనవరాలు రోజూ పొద్దున్నే లేచి ముఖం కడుక్కోకముందే ఎలుకను ఎత్తి చెవికి ఆనించుకుని దాని ఊపిరి వినేది. దానికి ఎలుక ఫోను అని పేరు కూడా పెట్టుకుంది. చెవిలో ఎలుకేమిటని నేను గొణుక్కునేదాన్ని (గొణుగుడు మానితే నాకు నిద్ర పట్టదు).

ఆ ఏడాది కోడలి తమ్ముడి పెళ్లి విశాఖపట్నంలో. అయిదు రోజుల ప్రయాణం. నాకు మోకాళ్ల నొప్పులు, రాలేనన్నాను. నేను ఆ మాట అన్నానో లేదో మనవరాలు ఒక కాగితం రాసి ఫ్రిజ్‌కి అంటించేసింది. పొద్దునా సాయంత్రం మందు, అరటిపండు గుజ్జులో కలిపి పెట్టాలి. కింద పరిచే గుడ్డ రోజూ మార్చాలి. దోమల చుట్ట వెలిగించకూడదు. సెంటు కొట్టుకోకూడదు. మిరపకాయల పోపు వేసేటప్పుడు వంటింటి తలుపు మూసెయ్యాలి. రోజూ ఎలుక ఫోను వినాలి. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ, "నేను వచ్చేసరికి జున్ను ఉండాలి నానమ్మా, ప్రామిస్ చెయ్" అంది. "ఉండక ఎక్కడికి పోతుందే, బోనులోనే కదా ఉంది?" అన్నాను. "బోను కాదు, కేజ్!" అని అరిచి, కళ్లనిండా నీళ్లతో నా చేతిలో చెయ్యి వేసింది. అందరూ మెట్లు దిగాక మా అబ్బాయి వెనక్కి వచ్చి, "అమ్మా, దానికేమన్నా అయిందంటే పిల్లను మనం పట్టలేం. జాగ్రత్త" అని చెవిలో ఊదిపోయాడు. నన్నా జాగ్రత్తగా ఉండమనేది? ఇద్దరు కొడుకులను, ఒక మనవరాలిని పెంచినదాన్ని!

మొదటి మూడు రోజులూ ఎంత బాగా గడిచాయో చెప్పలేను. తిండి దగ్గర దాని ఆటలు నా దగ్గర సాగనివ్వలేదు. "కొర్రలు తింటే తిను, లేకపోతే పడుకో" అనేదాన్ని. అది రెండు కాళ్ల మీద నిలబడి, ముందరి చేతులతో నా వేలు పట్టుకుని, వేలికంటిన అరటిపండు నాకేది. రెండో రోజుకే పాత లంగా చింపి దానికి పరుపు కుట్టాను. మూడో రోజున గదిలోకి వెళ్లి ఊరికే కూర్చున్నాను (ఎవరూ చూడటం లేదని తలుపు దగ్గర ఒకసారి చూసుకున్నాకే).

నాలుగో రోజు శుక్రవారం. పొద్దున్నే జున్ను వరసగా తొమ్మిది తుమ్ములు తుమ్మింది. మంచి జలుబు పట్టేసిందనుకున్నాను. జలుబుకు మందు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మా ఇంట్లో పసిపిల్లలకు తలంటు పోశాక నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పైన వెదురుబుట్ట బోర్లించి, ఆ పొగకు తల ఆరబెట్టేవాళ్లం. నా కొడుకులిద్దరికీ అలాగే జలుబు దిగింది, మనవరాలికీ అలాగే దిగింది. కాగితం మరోసారి చదివాను. దోమల చుట్ట వద్దంది, సెంటు వద్దంది. సాంబ్రాణి వద్దని ఎక్కడా లేదు! ఎందుకుంటుంది, అది మందు కదా! ఉత్సాహంగా బొగ్గులు రాజేశాను. ధూపం గిన్నె బోను పక్కన పెట్టి, రెంటి మీదా పెద్ద వెదురుబుట్ట బోర్లించి, పొగ పోకుండా అంచు చుట్టూ తువ్వాలు కూడా కప్పాను. ఏ పనీ సగంలో వదిలే మనిషిని కాను.

పది నిమిషాలకు బుట్ట ఎత్తి చూద్దును కదా, జున్ను పక్కకు పడి ఉంది! పొట్ట ఎగిరెగిరి పడుతోంది, నోరు తెరుచుకుంది, ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ ఎర్రగా చెమ్మ. నా కేక కింది వాటా దాకా వినబడింది. కింది వాటాలో ఉండేది సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, నా వయసుదే. నన్ను వదినా అంటుంది, నేనూ ఆవిడను వదినా అంటాను. పాపం, ఉబ్బసం మనిషి. మూడంతస్తులూ ఆయాసపడుతూనే ఎక్కి వచ్చింది.

"ఏమైంది వదినా? నువ్వు పడ్డవా?"

"నేను కాదు వదినా, జున్ను! చూడు, రక్తం!"

ఆవిడ వంగి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, పాణం కొట్టుకుంటున్నది. లే, నడువ్! ఏడుపు ఆటోల ఏడుద్దువు."

చెప్పుల డబ్బాలో గుడ్డ పరిచి దాన్ని పడుకోబెట్టాం. వీధిలో మొదట కనిపించిన ఆటో ఎక్కేశాం. ఎంతని కూడా అడగలేదు (నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి). ఆటో కదిలాక నాకు కాగితం గుర్తొచ్చింది. డబ్బాలోంచి జున్నును తీసి చెవికి ఆనించాను. టిక్కు, టిక్కు, ఆగుతూ, మళ్లీ టిక్కు. "ఉన్నావా నాయనా? పలుకు! పోవద్దురా, ఆదివారం దాకా ఉండు, ఆదివారం వచ్చేస్తుంది మా పిల్ల!" అని దాని చెవిలో అరుస్తున్నాను. ఆటో అతను అద్దంలో చూసి, "ఫోన్ల సిగ్నల్ వస్తలేదా అమ్మా?" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఆ ఫోనుకు తోక కనిపించింది. ఆటో ఒక్క ఊగు ఊగింది. "గిదేందమ్మా, ఎలుకతోని మాట్లాడుతున్నవా!" అని అతను అరిస్తే, "దవాఖానకు తీస్కపోతున్నం. పరేషాన్ గాకు, ముందర చూసి నడుపు!" అని మా వదిన గదమాయించింది. నేరేడ్‌మెట్ చౌరస్తాలో ఎర్రదీపం పడింది. ఆ నిమిషం ఎంత పొడుగో! చివరికి ఆ ఆటో అతనే తల బయటకు పెట్టి ముందున్న బండ్ల మీద కేకలేశాడు. "జరగుండ్రి అన్నా, పేషెంట్ ఉన్నది!"

డాక్టరమ్మ మా కోడలి వయసు మనిషి. జున్నును చూడగానే ఒక గాజుపెట్టెలో పెట్టి, ఆక్సిజన్ గొట్టం తగిలించి, ఒక సూది వేసింది. ముక్కు దగ్గర ఎరుపు రక్తం కాదట, ఒంట్లో బాగాలేనప్పుడు ఎలుకల కళ్లలోంచి వచ్చే నీళ్ల రంగే అంతట. అప్పుడడిగింది. "ఇంట్లో ఏదైనా పొగ పెట్టారా అమ్మా? దోమల చుట్ట గానీ, అగరొత్తులు గానీ?"

"ఆ రెండూ లేవండి" అన్నాను. మాటకు మాట నిజమే.

మా వదిన నా చీర కొంగు వాసన చూసింది. "సాంబ్రాణి గుప్పుమంటున్నది వదినా. జెర డాక్టరమ్మకు చెప్పు."

చెప్పాను. బుట్టతో సహా చెప్పాను, తువ్వాలుతో సహా. "తలంటు కూడా పోశారా?" అంది డాక్టరమ్మ. "లేదండి, అంత తెలివితక్కువదాన్నా?" అన్నాను. ఆవిడకు నవ్వొచ్చింది గానీ వెంటనే దిగమింగింది. సాయంత్రం దాకా చూడాలి, అప్పటికి తేలిక పడితే ఇంటికి తీసుకెళ్లొచ్చు, ఇప్పుడే ఏమీ చెప్పలేనంది.

మేం గాజుపెట్టె ముందు బల్ల మీద కూర్చున్నామో లేదో నా ఫోను మోగింది. అసలు ఫోను. వీడియోలో మనవరాలు! "నానమ్మా, జున్నుని చూపించు!" "నిద్రపోతోందే" అన్నాను. "నువ్వెక్కడున్నావు? వెనకాల ఏదో తెల్లగా ఉందేంటి?" మా వదిన చటుక్కున ఫోను లాక్కుంది. "మీ నానమ్మను గుడికి తీస్కొచ్చిన బిడ్డా." పక్క గదిలో ఎవరిదో పెద్ద కుక్క బొంగురుగా మొరిగింది. "గుళ్లో కుక్కేంటి?" "కాలభైరవుని గుడి బిడ్డా!" అని ఫోను కట్టేసింది. నేను నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. పక్కనే గాజుపెట్టెలో ఆ పిడికెడు పొట్ట లేస్తూ పడుతూ ఉంటే, నేను చేతిలో చెయ్యి వేసి ఇచ్చిన మాటే అక్కడ రొప్పుతున్నట్టు అనిపించింది.

నాలుగున్నరకు జున్ను లేచి కూర్చుని ముఖం తుడుచుకుంది! రెండు చేతులతో, మీసాలతో సహా! మేమిద్దరం బల్ల మీంచి లేచి చిన్నపిల్లల్లాగా చేతులు పట్టుకుని గెంతాం (నా మోకాళ్లు ఆ సంగతి మర్నాడు అడిగాయి). ఇంట్లో నెబ్యులైజర్‌తో మందు ఆవిరి రోజుకు మూడుసార్లు పట్టమంది డాక్టరమ్మ. నేను ఆ మిషను ధర అడగబోతుంటే మా వదిన ఆపింది. "నా దగ్గరున్నది గదా. నాదీ దానిదీ ఒక్కటే తక్లీఫ్. మందు పోసే కప్పు ఒక్కటి కొత్తది కొను, చాలు." మరమరాల డబ్బా మూతకు మేకు కాల్చి చిల్లులు పెట్టి గొట్టం దూర్చాను. జున్ను అందులో మబ్బులో కూర్చున్నట్టు కూర్చునేది. ముందు మా వదిన తన మాస్కు పెట్టుకునేది, తర్వాత దాని వంతు. "వయసులో పెద్దదాన్ని, ముందుగాల నాకే" అనేది.

ఆదివారం పొద్దున్న మనవరాలు బూట్లు కూడా విప్పకుండా గదిలోకి పరుగెత్తింది. ఎలుకను చెవికి ఆనించుకుంది. నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. "నానమ్మా! ఎంత క్లియర్‌గా ఉందో తెలుసా! నాకంటే నువ్వే బాగా చూసుకున్నావు!" అని వచ్చి నన్ను వాటేసుకుని బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఊరుకుంటే సరిపోయేది. మా వదిన నోరు విప్పనని ఒట్టేసింది, డాక్టరమ్మ మా ఇంటికి రాదు. నలభై ఏళ్లుగా మా ఇంట్లో పాలు పొంగినా, పప్పు మాడినా, తాళంచెవి పోయినా, తప్పు ఎవరిదో ఒకరిది అయ్యేది గానీ నాది ఎప్పుడూ అయ్యేది కాదు. అలా అలవాటైపోయింది. కానీ ఆ ముద్దు నాకు చెల్లలేదు. ఎవరికో రావలసింది నేను తీసుకున్నట్టయింది.

"నేనే దాన్ని చంపబోయానే" అన్నాను. అంతా చెప్పాను. కాలభైరవుడితో సహా. అది ఎలుకను కేజ్‌లో పెట్టింది. తర్వాత వెళ్లి ఫ్రిజ్ మీది కాగితం చూసింది. "తప్పు నాదే నానమ్మా. నేనిందులో సాంబ్రాణి అని రాయలేదు. ఎలుకకి ఎవరైనా సాంబ్రాణి వేస్తారని నాకెలా తెలుస్తుంది?"

"రాయకపోతే మాత్రం? పొగ పొగేనని నాకు తెలియొద్దూ? తప్పు నాది."

"కాదు, నాది! నీకు తెలీదుగా!"

"తెలియకపోవడం కూడా నాదే! నీకంటే యాభై ఏళ్లు పెద్దదాన్ని, నాతో వాదిస్తావేటే!"

మా అబ్బాయీ కోడలూ సామాన్లు కింద పెట్టి నోరు తెరుచుకుని చూస్తున్నారు. నేను ఒక్క మెట్టు దిగలేదు. చివరికి మనవరాలు, "సరే బాబూ, నీదే!" అని ఒప్పుకుంది. తప్పు నాదేనని ఒకరితో పోట్లాడి గెలవడం నాకు అదే మొదలు.

జున్ను ఆ తర్వాత పదకొండు నెలలు బతికింది. టిక్కు టిక్కుమంటూనే, నా వేలు నాకుతూనే బతికి, ఒక మధ్యాహ్నం మనవరాలి ఒళ్లో నిద్రలోనే వెళ్లిపోయింది. ఇద్దరం దాన్ని మల్లె కుండీలో పెట్టి మట్టి కప్పాం. ఇప్పుడెప్పుడైనా కాప్రా వైపు ఆటోలో వెళుతుంటే, కొంగు జారిపోతున్నా చూసుకోకుండా, ఎలుకను చెవికి పెట్టుకుని బతిమాలుతున్న ఒక ముసలావిడ నాకు గుర్తొస్తుంది. ఎంత గట్టి మనిషినని అనుకునేదో పాపం! నవ్వుకుంటాను. పక్కన కూర్చున్నవాళ్లు ఎందుకు నవ్వుతున్నావని అడుగుతారు. ఏమీ లేదంటాను.