నా బిడ్డ ముక్కుమందు

పోయిన నెల నా బిడ్డ చనిపోయింది. కామెర్లు ముదిరాయి. బర్రెలు ఆగవు కదా అని ఆ తెల్లవారుజామున నేను ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాను. పాలు పిండుతుంటే మా ఆయన ఫోన్ చేశాడు. "మన పిల్ల పోయిందే" అన్నాడు, అంతే.

నేను చదివింది అయిదో తరగతి. తప్పులుంటే మన్నించండి.

గౌలిపురలో మాది పాల ఇల్లు. బిడ్డ పశువుల టీకాలు తయారుచేసే ల్యాబులో పనిచేసేది. గాలికుంటు రోగానికి సూది లేకుండా, ముక్కులో కొట్టే మందు కోసం వాళ్ల తిప్పలు. ఆ తిప్పలు ఎక్కడ మొదలయ్యాయో నాకు తెలుసు. నా తప్పు దగ్గర.

దానికప్పుడు తొమ్మిదేళ్లు. టీకాలవాళ్లు వస్తున్నారంటే మా పాల ఇళ్లలో బాగా పాలిచ్చే బర్రెను దాచేవాళ్లం, సూది పడితే నాలుగు రోజులు పాలు తగ్గుతాయని. నేనూ దాచాను. ఆ వానాకాలమే ఆ బర్రెకు గాలికుంటు వచ్చింది. నోట్లో, గిట్టల్లో పుండ్లు. దాని దూడ చచ్చిపోయింది. దూడ పక్కన కూర్చుని నా బిడ్డ పశువుల డాక్టరును అడిగింది.

"రోగం యాడికెళ్లి వచ్చింది సార్?"

"గాలిల వస్తది బిడ్డా, ముక్కులకెళ్లి లోపలికి పోతది."

"మరి సూది మెడకెందుకు? ముక్కుకాడనే కావలి పెట్టొచ్చు గద!"

ఆయన నవ్వాడు. అది నవ్వలేదు.

పెద్దయ్యాక నన్ను ఆటపట్టించేది. "నీ అసొంటోళ్ల కోసమే అమ్మా ఈ మందు. సూది లేకుంటే బర్రెను దాచవు గద!" నేనూ నవ్వేదాన్ని.

నిరుడు బిడ్డకో చిక్కు వచ్చింది. ముక్కులో కొట్టిన మందును పశువు తుమ్మేస్తుంది, లేదా నాలుక చాచి నాకేస్తుంది. ఉత్త ఉప్పునీళ్లతో మా బర్రెల దగ్గర చేయి అలవాటు చేసుకునేది. ప్రతిసారీ మొహం నిండా తుమ్ము.

"ఏందే, మొహం కడుక్కునుడేనా నీ నౌకరి? చేపుకొచ్చినప్పుడు కొట్టి చూడు" అన్నాను. పొదుగులోకి పాలు దిగే వేళను చేపు అంటాం. అప్పుడు బర్రె కళ్లు సగం మూసి, కదలకుండా నిలబడుతుంది.

నేను పొదుగు పట్టాను. బిడ్డ బర్రె ముక్కులో ఉప్పునీళ్లు కొట్టింది. తుమ్ము లేదు, నాకడమూ లేదు.

"అమ్మా! గిదెట్ల తెల్సు నీకు?"

"ఇన్నేండ్ల సంది దీని పక్కకే కూసున్న గదనే."

పుస్తకంలో రాసుకుంది. వెంటనే ఇంకో ప్రశ్న: "మరి పాలియ్యని దూడలకేం చెయ్యాలె?"

ఆ మందు ఎట్లా పనిచేస్తుందని అడిగితే, "ముక్కుకు యాది ఉంటదమ్మా. ఒకసారి చూసిన రోగం మళ్లొస్తే గుర్తువడ్తది" అనేది. నిజమేనా అంటే, "గదే చూస్తున్నం" అనేది.

దినాలనాడు దానితో పనిచేసే అమ్మాయి వచ్చింది. మందు తయారైందా అని అడిగాను.

"ఇంకా లేదు ఆంటీ. దూడలకాడ ఆగినం."

"నేను దూడను చూస్తున్న బిడ్డా. అదెప్పుడు నిమ్మళంగ ఉంటదో తెలిస్తే చెప్త" అన్నాను. ఇప్పుడు రోజూ చూస్తున్నాను. ఇంకా తెలియలేదు.

మొన్న టీకాలవాళ్లు సూదులతో వచ్చారు. బర్రెలన్నిటినీ నేనే వాకిట్లోకి తెచ్చి కట్టాను. సాయంత్రం పాలు కొంచెం తగ్గాయి. పెద్ద బర్రె చేపుకొచ్చాక మెడ తిప్పి, పాకలో మేకుకు వేలాడుతున్న బిడ్డ చున్నీ దగ్గరికి ముక్కు చాచింది. చాలాసేపు వాసన చూసింది. నాలుక బయటికి తీయలేదు.