పార్కు అవతలి ఊరు

2003 జూలై 6, ఆదివారం. ముసురు. పొద్దున కుళాయి నీళ్ళు పట్టి రెండు ఇళ్ళ తొట్లూ నింపాను. రెండోది మా పక్కింటి మామది. ఆయన నిన్న ఆసుపత్రిలో చనిపోయాడన్న సంగతి తొట్టి నిండాక గుర్తొచ్చింది.

ఆయన్ని ఎరిగినవాళ్ళు తక్కువ. అందుకే రాస్తున్నాను. కాటన్‌పేటలో ఆయనా నేనూ ఒంటరివాళ్ళమే. నేను బడికి పెద్దగా పోలేదు. ఈ ఊరి కథ నాకు తెలిసిందంతా ఆయన నోటి నుంచే. తెల్లవాళ్ళ కాలంలో బెంగుళూరు ఒక ఊరు కాదు, రెండు. మేముండే పేట మైసూరు మహారాజుది. నడుమ పెద్ద పార్కు. దాని అవతల దండు, అంటే కంటోన్మెంటు, అది దొరలది. పోలీసులు వేరు, కోర్టులు వేరు, పన్నులు వేరు.

"ఈడ తుమ్మితే రాజుకి, ఆడ తుమ్మితే దొరకి చెప్పుకోవాలప్పా" అనేవాడు.

ఆయన అన్న మిల్లులో సమ్మె చేయించాడు. రాజు పోలీసులు వెతుకుతుంటే ఒక సాయంత్రం తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పార్కు దాకా నడిచాడు. దొర అనుమతి లేకుండా ఆ పోలీసులు దండులో ఎవరినీ పట్టుకోలేరు. "నేను పిలిచినప్పుడు రా. అందాకా దాటొద్దు" అని చెప్పి చెట్లలోకి వెళ్ళిపోయాడు. మళ్ళీ కబురు లేదు.

స్వాతంత్ర్యానికి కాస్త ముందు దండును రాజుకి తిరిగి ఇచ్చేశారు. రెండు ఊళ్ళూ కలిశాయి. మామ మాత్రం దాటలేదు. ఆదివారాలు నాతో పార్కుకు వచ్చి, పేట వైపు బెంచీ మీదే కూర్చునేవాడు.

"ఇప్పుడంతా ఒకటే ఊరు మామా. రా, అవతల కాఫీ తాగుదాం" అన్నానొకసారి.

"నువ్వు తాగి రాప్పా. గీత చెరిపింది సర్కారు. నన్ను పిలవాల్సింది మా అన్న."

"మీ అన్న ఆడ నాలుగు పెళ్ళిళ్ళు చేసుకోని నిన్ను మర్చిపోయుంటాడు."

"చేసుకోనీలే. నాకు వదినలు ఎక్కువయితారు" అని నవ్వి, చెట్ల వైపు తిరిగాడు.

మొన్న సాయంత్రం ఆయనకు ఊపిరి ఆడలేదు. ఆటోలో తీసుకెళ్ళాను. డాక్టరు చెప్పిన ఆసుపత్రి దండులో ఉంది. పార్కు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"దాటినామా?"

"దాటేసినాము మామా."

తల తడుముకున్నాడు.

"తలంతా నెరిసిపోయిందే. అన్న గుర్తు పడతాడంటావా?"

"మీసం అట్లనే ఉండాది. పడతాడు."

చెయ్యి బయటికి చాపి, వాన నీళ్ళతో మీసం సవరించుకున్నాడు. ఆసుపత్రి వచ్చేదాకా, రోడ్డు పక్కన గొడుగుల కింది మొహాలను ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాడు.