మా అమ్మ ఎవరి కార్డు మీద పడ్డది

ఈ సంగతి నేను చెప్పడం మొదటిసారి కాదు. వినడమే ఇంతవరకు ఎవరూ మొదలుపెట్టలేదు. మండలాఫీసులో చెప్పాను. జిల్లా ఆఫీసు వరండాలో సోమవారం సోమవారం నిలబడి చెప్పాను. ఇంట్లో చెప్పబోతే "మళ్ళా అదే మొదలువెట్టినవా" అని నా భార్య గిన్నెలు తీసుకుని లోపలికి పోతుంది. అందుకే రాస్తున్నాను. రాసేవాడిని మధ్యలో ఆపి "సార్ అన్నానికి పోయిండు, రేపు రా" అని ఎవరూ అనలేరు.

మాది ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, మిరపచేలు అయిపోయి టేకుచెట్లు మొదలయ్యే చోట. మా అమ్మకు ఫోటో అంటే పడదు. ఫోటో దిగితే ఆయుష్షు తరిగిపోతుందని ఆమె నమ్మకం. నా పెళ్ళిలో కెమెరా పట్టుకున్న మనిషి పందిట్లోకి రాగానే పొయ్యిల దగ్గరికి వెళ్ళిపోయింది. పెళ్ళి ఆల్బం అంతా వెతికితే ఒక ఫోటోలో ఆమె కొంగు చివర, ఇంకోదాంట్లో గరిటె పట్టుకున్న చెయ్యి. అంతే.

అలాంటి మనిషి ఒక్కసారి దిగింది. కొత్త రేషన్ కార్డులకు ఫోటోలు తీస్తున్నారని, రానివాళ్ళకు బియ్యం లేవని ఊళ్ళో చాటింపు వేయించారు. బళ్ళో బల్ల మీద డబ్బా కంప్యూటర్ పెట్టారు. దాని నెత్తిన గోలీ అంత కెమెరా. కార్డు ఇంటి పెద్దావిడ పేరు మీద కాబట్టి అమ్మ కూర్చోక తప్పలేదు. కెమెరా ఎక్కడుందో ఆమెకు తెలియదు. తెర మాత్రం ఆమె వైపే తిప్పి ఉంది. అందులో తనే కదులుతూ కనిపించింది.

"అవ్వా, పైన కెమెరా దిక్కు చూడు" అన్నాడు ఆపరేటర్ కుర్రవాడు.

"ఆగు బిడ్డా, నన్ను నేను చూసుకుంటున్న. గింత ముసల్దాన్ని ఎప్పుడైననో."

వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అప్పుడే మీట నొక్కాడు.

"పడ్డదా?" అని అడిగింది.

"పడ్డది, లే అవ్వా."

మా దగ్గర ఈ మాట అన్నింటికీ వాడతాం. వాన పడుతుంది, పేరు పడుతుంది, సంతకం పడుతుంది, ఫోటో పడుతుంది. ఆఫీసు మనిషి "పడ్డది" అన్నాడంటే ఇక నిశ్చింతగా ఇంటికి పోవచ్చని మా వాళ్ళ లెక్క. నేనూ అలాగే ఇంటికి పోయాను.

కార్డు వచ్చింది. పేరు అమ్మదే. ముఖం అమ్మది కాదు. ఎవరో ఒక పెద్దావిడ, పెద్ద ముక్కుపుల్లతో, ఎవరి మీదో కోపం వచ్చినట్టు చూస్తోంది. అమ్మ కార్డును చేతి దూరంలో పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈమె ఎవలురా? మన బియ్యం తినేటందుకొచ్చిందా?"

నేను రేషన్ డీలర్‌ను అడిగాను. "పేరు మీదే, బియ్యం మీకే వస్తున్నయి. బొమ్మ ఎవలదైతే ఏందన్నా, బొమ్మను వండుకుంటవా?" అన్నాడు. దుకాణం ముందున్నవాళ్ళంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళకు గుర్తుండదు, అది వేరే సంగతి.

ముఖం సరిచేయమని ఆఫీసు చుట్టూ తిరిగాను. "ఎంక్వైరీ అయితది" అన్నారు. ఆ ఎంక్వైరీ కాకముందే వానకాలం జ్వరం వచ్చి, ఖమ్మం దవాఖానాలో అమ్మ పోయింది.

దినాల నాడు ఫోటో పెట్టి దండ వేయాలి. చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు అదే మాట. "ఒక్క ఫోటో గూడ తీయించలేదారా తల్లిది?" ఏం చెప్పను? అప్పుడు ఆ కంప్యూటర్ గుర్తొచ్చింది. పడ్డది అన్నాడు కదా, పడితే ఎక్కడో ఉండాలి కదా.

మండలాఫీసుకు వెళ్ళాను. అదే ఆపరేటర్. తెర మీద పేకముక్కలు పేర్చుకుంటున్నాడు. ఆట అయ్యేదాకా తల ఎత్తలేదు.

"కార్డు మార్చాలంటే సార్ రావాలన్నా."

"మార్చుడు వద్దు తమ్ముడూ. మా అమ్మ మొఖం అందుల ఉందో లేదో చూడు, చాలు."

వెతికాడు. కిటికీలకు పరదాలు వేసి ఉన్నాయి, గుడ్డి ట్యూబ్‌లైటు కింద ఆ డబ్బా ఒక్కటే భగభగ వెలుగుతోంది. అందులోకి అమ్మ వచ్చింది. తలమీద కొంగు, కెమెరా కిందికి చూపు, తనను తాను చూసుకుంటూ నవ్వుతోంది. ఏ ఆఫీసులోనైనా నేను మాట్లాడకుండా నిలబడింది ఆ ఒక్కసారే.

కాగితం మీద తీసిమ్మని అడిగాను. "సార్ చెప్పందే ఇయ్యరాదు. సార్ గోదారి వరద డ్యూటీకి భద్రాచలం పోయిండు" అన్నాడు. మళ్ళీ నా జేబు వైపు చూసి, "కెమెరా ఫోనే గదా, అండ్ల తీసుకోరాదే" అన్నాడు.

మిర్చికి ధర పలికిన ఏడాది ఖమ్మంలో కొన్న ఫోను అది. తీశాను. తెర మీద అమ్మ ఉంది, ఫోనులో లేదు. అమ్మ ముఖం ఉండాల్సిన చోట తెల్లటి వెలుగు, దాని మీద అడ్డంగా నల్లటి చారలు. దగ్గరికి జరిగితే ఇంకా తెల్లబడింది. వెనక్కి జరిగితే తెలుపు చిన్నదైంది, అంతే. నా కంటికి అమ్మ స్పష్టంగా కనిపిస్తోంది, నా చేతిలోని ఫోనుకు మాత్రం కనిపించదు. ఫోను కదులుతోందేమోనని బల్లకు ఆనించి తీశాను. నా అవస్థ చూసి ఆపరేటర్ లేచి ట్యూబ్‌లైటు ఆర్పాడు. దాంతో చీకట్లో తెర ఇంకా మండి, ఆ ఉన్న కాస్తలో సగం తెలుపులో కలిసిపోయింది.

"ఇగ చాలు, కరెంటు పోయే టైమయింది" అని అమ్మను మూసేశాడు.

మిగిలిందల్లా కొంగు అంచు, ఒక చెవి, ఆ చెవికి కమ్మ. మధ్యలో తెలుపు. ఖమ్మంలో స్టూడియోవాళ్ళు అది చూసి కడితే అద్దం దండగ అన్నారు. నేను ఊరుకోలేదు, ఫ్రేమ్ కట్టించాను. దినాల నాడు దండ వేశాను. భోజనానికి వచ్చిన మా పెద్దమ్మ కళ్ళు చికిలించి చూసి, "ఏందిరా, బల్బుకు దండేసినవ్?" అంది. ఆ తర్వాత వాళ్ళింట్లో నేను మంచినీళ్ళు ముట్టలేదు.

పోయిన పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస దగ్గర పడుతోంది. ఆ రోజుకైనా సరైన ఫోటో ఉండాలని మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాను. ఆపరేటర్ స్నేహితుడు వచ్చి ఉన్నాడు, ఇద్దరూ తెర మీద కొత్త మోటారుసైకిల్ బొమ్మ చూస్తున్నారు. ఫోనులో తీసుకుందామనుకున్నారు. ఆపరేటర్ తెర కింది అంచున ఉన్న బటన్ నొక్కాడు, మళ్ళీ మళ్ళీ నొక్కాడు. తెర వెలుగు తగ్గి తగ్గి మునిమాపు వేళ అయినట్టయింది. కొంచెం పక్కకు జరిగి ఫోటో తీశాడు. చక్రం పుల్లలు కూడా లెక్కపెట్టేంత బాగా పడింది.

నేను బల్ల దగ్గరికి జరిగాను.

"తమ్ముడూ, దానికి వెలుగు తగ్గుతదా?"

"అవ్. తగ్గియ్యకుంటే ఫోన్ల తెల్లగొస్తది గదా."

"ఆ నాడు మా అమ్మది తీస్తుంటే నువ్వు నా పక్కనే ఉన్నవ్."

"ఉన్న."

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు అడగలే గదన్నా."

నన్ను చాలామంది చాలా అన్నారు, అన్నీ గుర్తున్నాయి. కానీ దీని ముందు అవన్నీ దీవెనలు. ఉందని తెలియని బటన్ గురించి నేను ఎట్లా అడగాలి? లైటు ఆర్పడానికి లేచాడు కదా, ఆ లేచిన మనిషికి బటన్ దాకా చెయ్యి చాచడానికి ఏమైంది? తెలియక చేస్తే తిట్టి ఊరుకునేవాణ్ణి. తెలిసి, పక్కన నిలబడి, చూశాడు.

"సరే, ఇప్పుడు తియ్యి మా అమ్మను" అన్నాను.

"లేదన్నా. డాటా మొత్తం పైకి పంపినం. ఈడ ఖాళీ చేసినం."

"పైకి అంటే ఎక్కడికి?"

"పైకే" అని వేలు చూపించాడు. అక్కడ ఫ్యాను తిరుగుతోంది.

"మా అమ్మ పైకి పోయిన సంగతి నాకు ఎరికే తమ్ముడూ. ఫోటో ఎటుపోయింది?"

స్నేహితుడు నవ్వాడు. గోల విని లోపలి గదిలోంచి సారు వచ్చాడు. "ఏమయ్యా, బియ్యం గిట్ల ఆగినయా?" అన్నాడు. ఆగలేదన్నాను. "మరి ఇంకేం పంచాయితీ?" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఆ తలుపు ముందు నిలబడే నాకు ఒక ఆలోచన వచ్చింది. జీతాలు తీసుకునే ఇంతమందిలో ఒక్కరికీ రానిది. ఎవరో ముక్కుపుల్ల ఆవిడ మా కార్డు మీద పడింది. అంటే ఆమె కార్డు మీద ఇంకెవరో పడి ఉండాలి. మా అమ్మ ఎక్కడికీ పోలేదు. ఏన్కూరు వైపో, తిరుమలాయపాలెం వైపో, ఎవరింట్లోనో, కార్డు మీద నవ్వుతూ ఉంది. ఆ ఇంటివాళ్ళు "ఈమె ఎవలు" అని అడిగి ఉంటారు, వాళ్ళ డీలర్ కూడా "బొమ్మను వండుకుంటరా" అని ఉంటాడు.

తర్వాత మళ్ళీ కొత్త కార్డులు ఇచ్చి పాతవి వాపసు అడిగారు. నేను ఇవ్వలేదు, పోయిందని చెప్పాను. ఆ ముక్కుపుల్ల ఆవిడ మా బీరువాలో, ప్లాస్టిక్ కవర్లో, మరక పడకుండా ఉంది. ఆమె కొడుకో కూతురో వస్తే ఆ క్షణమే ఇచ్చేస్తాను. వాళ్ళు కూడా నాలాగే మొండివాళ్ళయి, వాపసు ఇవ్వకుండా దాచి ఉంటే చాలని రోజూ అనుకుంటాను.

నాకు బియ్యం వద్దు, ఎంక్వైరీ వద్దు, క్షమాపణ అసలే వద్దు. పైకి పంపినమన్నారు కదా. ఆ పైన కూర్చున్నవాళ్ళనే అడుగుతున్నాను. ఈసారి నేను అడగలేదని ఎవరూ అనడానికి లేదు. మా అమ్మ ఎవరి కార్డు మీద పడ్డది? చెప్పండి.